కాలువ కట్టేసిన రోజులు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత గోదావరి డెల్టా పల్లెల్లో వేసవి రూపమే మారింది. రెండో పంట కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. బడికీ కాలువకీ దాదాపు ఒకేసారి సెలవులు! అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలు తువ్వాలు పరిచి చేపపిల్లలు పట్టేవారు. ఎండిన చోట చెడుగుడు ఆడేవారు.

ఇక ముంజెల కాలం. కాయలోని మూడు ముంజెల్నీ బొటనవేలితో తోడుకు తిన్నాక, రెండు ఖాళీ కాయలు చక్రాలయ్యేవి. వాటి మధ్య ఇరుసుగా ఓ పుల్ల, దాన్ని నెట్టడానికి పొడవాటి పంగల కర్ర. బండి సిద్ధం! దీన్ని ఏ బడీ నేర్పలేదు. అన్న చేస్తుంటే చూసి తమ్ముడు నేర్చుకున్నాడు. పైసా ఖర్చులేని ఇంత చక్కటి బొమ్మ మరొకటి లేదు.

మిట్టమధ్యాహ్నం గడప దాటనిచ్చేవారు కాదు. అప్పుడు అరుగు మీద చింతగింజలతో వామనగుంటలు, సుద్దముక్కతో గీసిన పులీమేకా.

ఎంసెట్ వచ్చాక ఎండాకాలం కోచింగుల కాలమైంది. టీవీ మరికొంత తినేసింది. పెద్దలు పెద్దగా పట్టించుకోకుండా వదిలేసిన ఆ పొద్దుల్లోనే పిల్లలు తగవులు పడి, వాటిని తామే తీర్చుకున్నారు. డెల్టాలో కాలువలు మాత్రం ఇప్పటికీ వేసవిలో కట్టేస్తూనే ఉన్నారు.