యజమాని లేని పండు

ఫిన్లాండ్‌లో అడవికి యజమాని ఉంటాడు. ఆ అడవిలో కాసిన పండుకు ఉండడు. ఈ దేశపు నేలలో నాలుగింట మూడు వంతులు అడవే. అందులో సగానికి పైగా మామూలు కుటుంబాల సొంతం. అయినా ఎవరి అడవిలోకైనా, ఎవరినీ అడగకుండా బుట్ట పట్టుకుని వెళ్ళొచ్చు. ఆగస్టులో నేరేడు రంగు ముస్తిక్క పళ్ళు, సెప్టెంబరులో ఎర్రటి పువోలుక్క పళ్ళు, వానలు పడ్డాక పుట్టగొడుగులు కోసుకోవచ్చు. ఇందుకు ఈ దేశ పౌరులే కానక్కర్లేదు, తెనాలి నుంచి వచ్చిన నాకూ అదే హక్కు. కోసినవి అమ్ముకుంటే వచ్చే డబ్బు మీద ఆదాయపు పన్ను కూడా లేదు.

హద్దులూ ఉన్నాయి. ఇంటి పెరట్లోకీ, పంట చేలోకీ అడుగు పెట్టకూడదు. పచ్చని చెట్టు కొమ్మ విరవకూడదు, నాచు పెళ్ళగించకూడదు. స్ప్రూస్ చెట్టు లేత చిగుళ్ళను ఇక్కడి వాళ్ళు ఇష్టంగా తింటారు. అవి కొయ్యాలంటే మాత్రం యజమానిని అడగాల్సిందే, ఎందుకంటే చిగురు చెట్టులో భాగం. అడవి పళ్ళు, పుట్టగొడుగులు, నేల మీద పడున్న ఎండుపుల్లలు ఏరుకోవడం నేరం కాదని శిక్షాస్మృతిలోనే రాసి ఉంది. ఇక్కడ దీన్ని ‘ప్రతి మనిషి హక్కు’ అంటారు.

ఇంత ఉదారమైన పద్ధతి ఎలా వచ్చిందని మనవాళ్ళు ఫోన్లో అడుగుతుంటారు. నేను చదివి తెలుసుకున్నంతలో దీని వెనక ఉన్నది పేదరికం. స్వీడన్ రాజుల ఏలుబడిలో, 1757లో, ఊరుమ్మడి అడవులను రైతుల పేర పంచడం మొదలుపెట్టారు. ఆ పంపకం తరాల పాటు సాగింది. కౌలుదార్లకూ, పాలేర్లకూ అందులో వాటా దక్కలేదు. వాళ్ళకు మిగిలింది ఏరుకునే అలవాటొక్కటే. మైళ్ళకు మైళ్ళు మనిషి కనిపించని దేశంలో దాన్ని ఆపాలని ఎవరూ కంచెలు కట్టలేదు. 1809లో దేశం రష్యా చక్రవర్తి చేతికి పోయినా ఆ అలవాటు పోలేదు.

ఆ తర్వాత కరువు వచ్చింది. మన ధాత కరువుకు సరిగ్గా పదేళ్ళ ముందు, 1866 నుంచి 1868 దాకా. 1867లో వసంతమే రాలేదు. మే నెలలోనూ సరస్సులు గడ్డకట్టే ఉన్నాయి. ఆలస్యంగా వేసిన పంటను సెప్టెంబరులోనే మంచు కాల్చేసింది. ఆకలికి ఊళ్ళు వదిలి రోడ్డున పడ్డ జనంలో విషజ్వరాలు పాకాయి. 1868 ఒక్క సంవత్సరంలో జనాభాలో దాదాపు ఎనిమిది శాతం చనిపోయారు. బతికుంటే బలుసాకు తినవచ్చని మనం సామెతగా అంటాం. ఇక్కడి వాళ్ళు నిజంగానే పైన్ చెట్టు బెరడు లోపలి పొరను ఒలిచి, ఎండబెట్టి, దంచి, రై పిండిలో కలిపి రొట్టె చేసుకున్నారు. అంతకుముందు చిన్న కరువుల్లోనూ అదే తిన్నారు. ఈసారి అది చాలలేదు.

అప్పుడు దేశ ఖజానా చూసేవాడు స్నెల్మన్ అనే తత్త్వవేత్త. ఫిన్నిష్ భాషకు ప్రభుత్వంలో చోటు ఇప్పించడానికి పోరాడినవాడు. ఏటా మే 12న ఆయన పుట్టినరోజుకు దేశమంతా జెండా ఎగరేస్తారు. కానీ కొత్తగా నిలబెట్టిన వెండి నాణెం విలువ చెడకూడదని ఆయన చెయ్యి బిగబట్టాడు. చివరికి రాత్‌షీల్డ్ బ్యాంకు నుంచి అప్పు తెచ్చేసరికి సముద్రం గడ్డకట్టే కాలం దగ్గర పడింది. ఓడలు ధాన్యంతో రావాల్సినంత రాలేకపోయాయి. భాషకు ఆయన చేసిన సేవకు నేనూ నమస్కరిస్తాను. ఆ శీతాకాలానికి మాత్రం ఆయన్ని క్షమించలేను. కరువు పని కింద రీహిమాకి నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు రైలు మార్గం వేయించారు. కూలికి వచ్చినవాళ్ళు ఎంతమంది అక్కడే ప్రాణాలొదిలారో, దానికి ఎముకల దారి అనే పేరు మిగిలిపోయింది.

ఇది తెలిశాక పువోలుక్క పండును నేను చూసే తీరు మారింది. వాక్కాయలా పుల్లగా, కాస్త వగరుగా ఉంటుంది. అందులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉండటంతో నలిపి చల్లని చోట పెడితే పంచదార లేకుండానే చలికాలమంతా చెడకుండా నిలుస్తుంది. పంచదార కొనలేని ఇళ్ళకు అంతకన్నా ఏం కావాలి! ఫిన్నుల పురాణగాథ కాలేవాలా చివరి కాండంలో మర్యత్త అనే కన్య ఈ పండు తినే గర్భం దాలుస్తుంది. ఆమె కొడుకు రాజవుతాడు. నేను దీంతో పచ్చడి చేస్తాను, పప్పులోనూ వేస్తాను. జూన్‌లో దురదగొండిలా దురద పెట్టే నెట్టిల్ ఆకును వేడినీళ్ళలో ముంచితే దాని ముళ్ళు చచ్చి, తోటకూర పప్పుకు సాటి వచ్చే పప్పవుతుంది.

పెరటి పొదల చరిత్ర వేరు. అది యుద్ధాల తర్వాతిది. 1939 నుంచి 1944 దాకా సోవియట్ యూనియన్‌తో రెండు యుద్ధాలు చేసి ఫిన్లాండ్ తన కరేలియా ప్రాంతంలో చాలా భాగాన్ని పోగొట్టుకుంది. నాలుగు లక్షల మందికి పైగా ఇళ్ళూ పొలాలూ వదిలి ఇవతలికి వచ్చారు. 1945లో చట్టం చేసి వాళ్ళకూ, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకూ నేల ఇచ్చారు. ఆ స్థలాల్లో లేచినవే ఇప్పటికీ ప్రతి ఊళ్ళో కనిపించే చిన్న చెక్క మేడలు. ఇంటి వెనక బంగాళాదుంప మడి, రెండు ఆపిల్ చెట్లు, వరసగా కరెంట్ అనే చిన్న పుల్లటి పళ్ళ పొదలు. కొన్ని సరుకులకు రేషన్ 1954 దాకా నడిచింది. పిల్లలకు పళ్ళరసం ఆ పొదల నుంచే వచ్చింది. పుట్టగొడుగులను పశువుల మేతగా చూసిన పడమటి జిల్లాల వాళ్ళకు వాటిని వండుకోవడం నేర్పింది కూడా చాలావరకు ఈ కరేలియా కాందిశీకులే.

టాంపెరెలో నేనుండేది అలాంటి ఇంట్లోనే. పక్కింటి పెద్దావిడ ఇచ్చిన నల్ల కరెంట్ కొమ్మలు ఇప్పుడు గుబురు పొదలయ్యాయి. నర్సరీ మొక్కైతే కుండీలో ఉన్నదానికంటే లోతుగా నాటాలని, ముసలి కొమ్మల్ని ఏటా మొదలంటా కోసేయాలని ఆవిడే చెప్పింది. లేత కొమ్మల మీదే బాగా కాస్తాయి. ముస్తిక్క మాత్రం పెరట్లో లొంగదు. దానికి అడవి నేలలోని పులుపూ, వేళ్ళతో కలిసి బతికే బూజూ కావాలి. బదులుగా పొట్టి రకం తోట బ్లూబెర్రీని పీట్ మట్టిలో రెండు రకాలు పక్కపక్కన పెంచుతాం. మంచు దుప్పటి కిందే ఉండి చలికి తట్టుకుంటుంది. రుచిలో అడవి పండుకు సాటి రాదు. దాని గుజ్జు తెల్లన, అడవిదాని గుజ్జు లోపలి దాకా ఊదా.

ఈ కథలో మచ్చ కూడా చెప్పాలి. అడవిలో కాసినదాంట్లో చాలా భాగం రాలిపోతుంది, కొయ్యడానికి మనుషుల్లేరు. 2005 నుంచి కంపెనీలు థాయిలాండ్ పల్లెల నుంచి రైతుల్ని రప్పించాయి. ‘ప్రతి మనిషి హక్కు’ మీద కోస్తున్నారు కాబట్టి వాళ్ళు మా కూలీలు కారన్నాయి. విమానం టికెట్టు, బస, తిండి, కారు అన్నీ అప్పు కింద రాశాయి. కొందరు నెలల తరబడి వంగి కోసి ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళారు. మనుషుల అక్రమ రవాణా కింద కేసులు నడిచి శిక్షలు పడ్డాయి. ఇప్పుడు ఉద్యోగ ఒప్పందం ఉండి తీరాలంటున్నారు. ఆకలిగొన్నవాడి కోసం నిలిచిన హక్కును లాభం కోసం వాడుకోవడం నన్ను బాధిస్తుంది.

ఇక మన వైపు చూడండి. ధాత కరువు ముగిసిన నాలుగేళ్ళకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి అడవిలో ఏరుకుంటున్నవాడు దొంగయ్యాడు. 1922లో అల్లూరి వెంట మన్యం లేచింది ఆ కోపంతో కూడా. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించేవారికే చెందుతాయని మన చట్టం ఒప్పుకోవడానికి 2006 దాకా పట్టింది. అరకు వెళ్ళినా, ఉట్నూరు వెళ్ళినా, సంతలో తేనె, చింతపండు, అడ్డాకులు అమ్మేవాళ్ళను ఆ హక్కు పత్రం చేతికొచ్చిందా అని అడగండి. రాలేదంటే ఆ సంగతి మీ ఊరి పత్రికకు రాయండి.