ఆర్గనాన్ ఆరవ కూర్పు

ఆర్గనాన్ ఆరవ కూర్పు హోమియోపతి వైద్య విధాన స్థాపకుడు శామ్యూల్ హానిమన్ (1755–1843) చివరిసారిగా సవరించిన సిద్ధాంత గ్రంథం. 1842లో పూర్తయిన ఈ కూర్పు 1921లో గాని అచ్చు కాలేదు. దీని మూల వ్రాతప్రతి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వైద్య గ్రంథాలయంలో అరుదైన గ్రంథాల విభాగంలో ఉంది. అక్కడి వైద్య విద్యాసంస్థ 1864లో టోలండ్ వైద్య కళాశాలగా ప్రారంభమై, 1873లో ఆ విశ్వవిద్యాలయంలో భాగమైంది.

కూర్పులు

ఆర్గనాన్ తొలిసారి 1810లో జర్మన్ భాషలో వెలువడింది. ఆ తరువాత 1819, 1824, 1829, 1833 సంవత్సరాలలో సవరించిన కూర్పులు వచ్చాయి. గ్రంథమంతా సంఖ్యలు గల సూత్రాలుగా ఉంటుంది. ఐదవ కూర్పులో 294, ఆరవ కూర్పులో 291 సూత్రాలు ఉన్నాయి.

వ్రాతప్రతి చరిత్ర

హానిమన్ 1835లో పారిస్ నగరానికి తరలివెళ్ళాడు. అక్కడ ఐదవ కూర్పు ప్రతిలో పుటల నడుమ ఖాళీ కాగితాలు చేర్చి, వాటిపై తన సవరణలు వ్రాసుకున్నాడు. 1843లో ఆయన మరణించగా, ఆ ప్రతి భార్య మెలనీ వద్ద ఉండిపోయింది. 1878లో ఆమె మరణానంతరం అది దత్తపుత్రిక కుటుంబానికి చేరింది. చివరకు 1920లో జర్మన్ వైద్యుడు రిచర్డ్ హేల్, అమెరికాలోని విలియం బోరిక్ తదితరుల ధనసహాయంతో దానిని సంపాదించి, మరుసటి సంవత్సరం ప్రచురించాడు. బోరిక్ ఆంగ్లానువాదం 1922లో వెలువడింది.

ఆలస్య ఫలితం

ఈ కూర్పులో మందు తయారీకి కొత్త పద్ధతి ఉంది. పాత పద్ధతిలో ప్రతి మెట్టులోను మందును నూరవ వంతుకు పలుచన చేసేవారు. కొత్త పద్ధతిలో ఇది 50 వేలవ వంతు. దీర్ఘవ్యాధులలో మందును నీటిలో కలిపి, ప్రతి మోతాదుకు ముందు కుదిపి, రోజూ ఇవ్వవచ్చునని కూడా హానిమన్ ఇందులో చెప్పాడు. 1897లో ప్రసిద్ధ రెపర్టరీని వెలువరించిన జేమ్స్ టైలర్ కెంట్ 1916లోనే మరణించినందున ఈ మార్పులను చూడలేదు. ఆ తరం వారి బోధనకు ఐదవ కూర్పే ఆధారమైంది.

తెలుగునాట

కృష్ణా జిల్లా గుడివాడలో 1945లో స్థాపించబడిన హోమియో కళాశాల నేడు డా. గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలగా ఉంది. ఇక్కడి వలెనే దేశంలోని హోమియో కళాశాలలన్నింటా ఆర్గనాన్ పాఠ్యాంశం. ఐదవ, ఆరవ కూర్పులను ఒకే సంపుటంగా కలిపిన ఆంగ్ల ప్రతులు భారతదేశంలో విరివిగా వాడుకలో ఉన్నాయి. కొన్ని సూత్రాలకు రెండు కూర్పులలోను సంఖ్య ఒకటే అయినా విషయం వేరు. కనుక సూత్రాన్ని ఉదహరించేటప్పుడు కూర్పును కూడా పేర్కొనడం అవసరం.

శాస్త్రీయ దృష్టి

నూరవ వంతు పద్ధతిలో 12 మెట్లు దాటితే మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. హోమియోపతి ఫలప్రదమని నమ్మదగిన ఆధారం ఏ వ్యాధి విషయంలోను లేదని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో ప్రకటించింది. వైద్య చరిత్ర అధ్యయనంలో మాత్రం ఈ వ్రాతప్రతి విలువైనది. ఒక సిద్ధాంతకర్త తన మాటలను తానే ఎట్లా దిద్దుకున్నాడో ఇందులో కనిపిస్తుంది.