కుక్కపిల్లకు శుచి: శిక్ష నుండి శిక్షణకు

ఇంటికి తెచ్చిన చిన్నజాతి కుక్కపిల్ల మొదటి వారములోనే చాపమీదనో, తలుపు మూలనో మూత్రము విడుచును. దాని మూతిని ఆ తడికి రాచి వీపుపై ఒక దెబ్బ వేయుట అనేక దేశములలో చిరకాలముగా వచ్చిన అలవాటు. దెబ్బతో దానికి బుద్ధి వచ్చునని నమ్మకము. కాని ఈ నమ్మకము ప్రయోగశాలలో పరీక్షకు నిలువలేదు.

1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను యువశాస్త్రజ్ఞుడు పిల్లులను, కుక్కలను పెట్టెలలో ఉంచి, అవి గడియ తీసికొని బయటపడుటకు పట్టు కాలమును లెక్కించెను. బయట ఆహారము దొరకుచుండుటచే, గడియ తీయు పనిని అవి నానాటికి త్వరగా చేయసాగెను. సుఖమిచ్చిన పని స్థిరపడును, బాధ కలిగించిన పని తొలగును అని ఆయన మొదట తలంచెను. కాని 1932లో తన సిద్ధాంతమును తానే సవరించుకొనెను. బహుమానము అలవాటును బలపరచునంతగా శిక్ష దానిని బలహీనపరచదని తేలెను.

1938లో బి. ఎఫ్. స్కిన్నర్ ప్రకటించిన ప్రయోగము దీనికి తోడయ్యెను. ఆహారమునకై మీట నొక్కుట నేర్చిన ఎలుకలకు ఆయన ఆహారము నిలిపివేసెను. వానిలో కొన్నింటికి, మొదట కొంతసేపు, మీట నొక్కినప్పుడెల్ల పాదముపై దెబ్బ తగులునట్లు చేసెను. నొక్కుట వెంటనే తగ్గెను. దెబ్బలు ఆగిన పిమ్మట మరల హెచ్చెను. చివరకు దెబ్బ తిన్నవియు, తిననివియు దాదాపు సమానముగనే నొక్కెను. దెబ్బ అలవాటును కొంతసేపు అణచెనే గాని మాన్పలేదు.

అట్లయినచో కుక్కపిల్లకు శుచి ఎట్లు అలవడును? మెయిన్ రాష్ట్రమున బార్ హార్బర్‌లోని జాక్సన్ పరిశోధనాలయములో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనువారు ఐదు జాతుల కుక్కపిల్లలను పుట్టినది మొదలు పరిశీలించి, 1965లో గ్రంథము ప్రకటించిరి. తొలి వారములలో తల్లి నాకినగాని పిల్ల మలమూత్రములు విడువదు; తల్లియే శుభ్రపరచును. మూడవ వారము దాటగనే పిల్ల తన పడకను విడిచి కొంత దూరము పోయి ఆ పని చేయును. ఎనిమిదవ వారము దాటుసరికి అందుకొక నిర్ణీతస్థలమును ఎన్నుకొనును. అనగా శుచి గుణము దానిలో ముందే కలదు. ఇల్లంతయు తన పడకవంటిదే యని దానికి తెలియజేయుటయే మనుష్యుని పని.

చిన్నజాతులకు చిక్కు ఇక్కడనే వచ్చును. అరచేతిలో ఇమిడెడి పిల్లకు పక్కగది కూడ పడకకు బహుదూరమే. మూత్రాశయము చిన్నది గనుక తరచుగా విడువవలసియుండును. చిన్న తడి గదాయని యజమాని ఉపేక్షించుటయు కలదు. 2020లో వెలువడిన ఒక పరిశీలనలో, పెద్ద కుక్కలకంటె చిన్న కుక్కలలో ఈ అలవాటు పూర్తిగా కుదిరినవి తక్కువని తేలెను.

కావున ఉపాయము సులభము. నిద్ర లేచిన వెంటనే, తిన్న పిమ్మట, ఆట ముగియగనే పిల్లను ప్రతిసారియు ఒకే చోటికి తీసికొనిపోవలెను. పని ముగిసిన క్షణముననే మెచ్చుకొని చిన్న తినుబండారము పెట్టవలెను. కనిపెట్టి చూచుటకు వీలులేని వేళ చిన్న స్థలములోనే ఉంచవలెను. పొరపాటు జరిగినచో వాసన మిగులకుండ కడుగవలెను. లేనిచో ఆ వాసనయే పిల్లను మరల అచ్చటికి పిలుచును. తడి ఆరిన పిమ్మట కొట్టినచో దెబ్బ ఎందుకో పిల్లకు తెలియదు. యజమాని కంటబడకుండ పోవుట మాత్రము నేర్చుకొనును.

ఇది చాప తడిసిన మాట మాత్రమే కాదు. 1990వ దశకమున అమెరికాలోని జంతుశరణాలయములలో జరిగిన పరిశోధనలలో, యజమానులు కుక్కలను వదిలివేయుటకు గల ముఖ్యకారణములలో ఇంటిని మలినపరచుట ఒకటని తేలెను. కొన్ని వారముల ఓపిక ఒక్కొక్కప్పుడు ఒక ప్రాణికి ఇల్లు నిలుపును.