తాడు తెగిన పిమ్మట: లిఫ్టు అదుపు చరిత్ర

లిఫ్టులో ఎక్కునపుడు మనము ప్రాణభయమును తలపము. తలుపు తెరచుకొనును, లోన అడుగిడి ఒక మీట నొక్కుదుము, కొలది క్షణములలో కోరిన అంతస్తున దిగుదుము. ఈ నిశ్చింత ఊరక లభించినది కాదు. బరువులను తాటితోను గిలకతోను పైకి లాగుట మానవునకు వేల యేండ్ల నాటి విద్య. రోము నగరమున కొలోసియమను క్రీడారంగములో అడవి మృగముల బోనులను నేలమాళిగ నుండి పైకెత్తు సాధనములు క్రీస్తుశకము మొదటి శతాబ్ది చివరనే ఉండెడివి. అయినను 19వ శతాబ్ది నడుమ వరకు అట్టి సాధనములు సరకులకు ఉపయోగపడినంతగా జనులకు ఉపయోగపడలేదు. తాడు తెగినచో ఏమగునను ప్రశ్నకు నమ్మదగిన సమాధానము లేకపోవుటయే అందులకు ముఖ్యకారణము.

లిఫ్టు చరిత్ర యనగా పైకి లాగు శక్తుల చరిత్ర యని సాధారణముగా అనుకొందుము. ఆవిరి, నీటి ఒత్తిడి, విద్యుత్తు ఒకదాని వెనుక ఒకటి వచ్చిన మాట నిజమే. కాని జనులకు ధైర్యము కలిగించినది శక్తి కాదు, ఆ శక్తిని అదుపులో నుంచు ఏర్పాటు. ఆ అదుపు ఎట్లు పెరిగినదో ఇచట పరిశీలింతము.

అమెరికాలో న్యూయార్కు సమీపమున యాంకర్స్ పట్టణమందలి మంచముల కర్మాగారమున ఎలీషా గ్రేవ్స్ ఓటిస్ అను యంత్రనిపుణుడు పనిచేయుచుండెను. 1852లో ఆయన సరకులెత్తు బల్లకు ఒక రక్షణోపాయమును కల్పించెను. బల్లకు ఇరుప్రక్కల నిలువు కమ్మెలు, వాటికి రంపపు పండ్లవంటి గాట్లు. బల్ల నెత్తిన బండికి వాడునట్టి ఉక్కు కమాను. పైనుండి వచ్చు తాడు ఆ కమానుకు కట్టబడియుండును. బరువు వ్రేలాడుచున్నంతవరకు తాటి బిగువునకు కమాను వంగియుండును. తాడు తెగిన మరుక్షణమే కమాను సాగి, తన చివరలను గాట్లలోనికి త్రోయును. బల్ల ఉన్నచోటనే నిలుచును. 1854లో న్యూయార్కు క్రిస్టల్ పాలెస్ ప్రదర్శనమున ఓటిస్ తానే బల్లపై నిలిచి, జనులు చూచుచుండగా తాటిని నరికించెను. బల్ల కొంచెము జారి ఆగిపోయెను.

ఇందు గమనింపదగిన సూక్ష్మ మొకటి కలదు. ప్రమాదము వచ్చిన తరువాత ఎవరో మేలుకొని కమానును కదల్పవలసిన పని లేదు. తాటి బిగువే దానిని అణచియుంచినది. బిగువు పోవుటయే దానికి ఆజ్ఞ. తరువాతి కాలమున లిఫ్టు రక్షణకై కనుగొనబడిన ముఖ్యోపాయములు అనేకము ఈ సూత్రము నుండియే పెరిగినవి.

1857 మార్చి 23న న్యూయార్కు బ్రాడ్వే వీధిలో హావౌట్ వారి 5 అంతస్తుల పింగాణీ సామానుల దుకాణమున జనుల కొరకు లిఫ్టు పనిచేయ నారంభించెను. ఆవిరియంత్రముచే నడచు ఆ లిఫ్టు వేగము నిమిషమునకు 40 అడుగులు. మెట్లెక్కు మనిషి వేగమునకు అది మించినదేమియు కాదు. భవనములు పెరిగినకొలది వేగమును పెంచవలసి వచ్చెను. దానితో క్రొత్త చిక్కు ఏర్పడెను. తాడు తెగకయే లిఫ్టు అతివేగముగ దిగజారినచో కమాను మేలుకొనదు. అందులకు గవర్నరు అను వేగనియంత్రకమును చేర్చిరి. లిఫ్టుతోపాటు కదలు ఒక సన్నని తాడు పైనున్న చక్రమును త్రిప్పుచుండును. వేగము మితిమీరినచో చక్రమునకు అమర్చిన బరువులు వెలుపలికి విచ్చుకొని ఆ తాటిని బిగబట్టును. నిలిచిన తాడు లిఫ్టు క్రింది ఇనుప దవుడలను లాగును. అవి ప్రక్కనున్న పట్టాలను కరచుకొనును.

1880లో జర్మనీలోని మాన్‌హైమ్ నగర ప్రదర్శనమున వెర్నర్ ఫాన్ సీమెన్స్ విద్యుత్తుచే నడచు లిఫ్టును చూపెను. విద్యుత్తు ఎపుడైనను ఆగిపోవచ్చును గదా. కావున బ్రేకును తలక్రిందులుగ ఆలోచించిరి. దానిని బిగించునది ఉక్కుచుట్ట, వదలించునది విద్యుత్తు. విద్యుత్తు ఉన్నంతవరకు బ్రేకు విడివడియుండును. పోయినంతనే తనంత తాను బిగియును. అటుపిమ్మట తాటిని డోలుకు చుట్టుట మాని, గిలక గాడులలో ఒరసికొని పోవునట్లు పలు తాళ్ళను వేసి, ఒక కొనకు లిఫ్టును, రెండవ కొనకు సమతూకపు బరువును కట్టిరి. ఆ బరువు అడుగున ఆనినచో తాళ్ళు సడలి గిలకపై జారును; కనుక మోటారు తిరుగుచున్నను లిఫ్టును పైకప్పునకు కొట్టుకొనునట్లు లాగజాలదు.

తాడు తెగుటకంటె తలుపు చేసిన హాని యెక్కువ. లిఫ్టు లేనిచోట తలుపు తెరచియుండుటచే బావివంటి నిలువుదారిలో పడినవారు, కదలు లిఫ్టునకును గోడకును నడుమ నలిగినవారు పెక్కుమంది. 1887లో డలూత్ నగరమున క్షౌరశాల నడపిన నల్లజాతీయుడు అలెగ్జాండరు మైల్స్, లిఫ్టు కదలికతోడనే తలుపులు మూతపడు ఏర్పాటునకు పేటెంటు పొందెను. తరువాత తలుపు గడియకును విద్యుత్తునకును ముడిపెట్టిరి. అన్ని అంతస్తుల తలుపులును మూసి గడియపడిననే విద్యున్మార్గము పూర్తియగును. ఒక్క తలుపు సందుగా ఉన్నను మోటారునకు విద్యుత్తు అందదు.

ఇన్ని కట్టుబాట్లున్నను పెద్ద భవనములలో లిఫ్టు చాలకాలము మనిషి చేతిలోనే ఉండెను. మీట తిప్పుచు అంతస్తునకు సమముగా ఆపుట నేర్పుతో కూడిన పని. రెండంగుళములు తప్పినను దిగువారు తట్టుకొని పడుదురు. 1924లో న్యూయార్కు స్టాండర్డ్ ఆయిల్ భవనమున ఓటిస్ కంపెనీ ఒక క్రొత్త పద్ధతిని నెలకొల్పెను. వేగము హెచ్చించుట, తగ్గించుట, సమముగా ఆపుట యంత్రమే చూచుకొనును. నడుపువానికి మిగిలినవి తలుపు, మీటలు, ఎక్కువారికి కలిగించు ధైర్యము. ఈ చివరిది చిన్నది కాదు.

1945లో న్యూయార్కులో రెండు సంఘటనలు జరిగెను. జూలై 28న మంచులో దారితప్పిన సైనిక విమానము ఎంపైర్ స్టేట్ భవనమును ఢీకొనెను. ఒక లిఫ్టు తాళ్ళతోపాటు గవర్నరు తాడును తెగుటచే దవుడలు పనిచేయలేదు. లిఫ్టు 75 అంతస్తుల యెత్తు పడిపోయెను. అందున్న నడుపు యువతి తీవ్రముగా గాయపడియు బ్రతికెను. అడుగున కుప్పపడిన తాళ్ళును, అడుగుననున్న ఆనుడుయంత్రమును, ఇరుకు దారిలో చిక్కిన గాలియు తాకిడిని తగ్గించినవని చెప్పుదురు. ఆ సెప్టెంబరులోనే లిఫ్టులు నడుపువారు, ద్వారపాలకులు మొదలగు సుమారు 15,000 మంది సమ్మె చేసిరి. ఎత్తైన భవనములలో పనులు స్తంభించెను. యంత్రమునకు అప్పటికే చాలవరకు మనిషి అక్కరలేదు. మనుష్యులకు మాత్రము మనిషి లేని లిఫ్టుపై నమ్మకము కుదరలేదు. సమ్మె యజమానులను ఆ నమ్మకము కుదుర్చుకొను దారికి మళ్ళించెను.

1950లో డల్లాస్ నగరపు అట్లాంటిక్ రిఫైనింగ్ భవనమున నడుపువారు లేని లిఫ్టుల వ్యవస్థ వచ్చెను. లోన టెలిఫోను, ఆపు మీట, అడ్డు తగిలినచో వెనుకకు పోవు తలుపు ప్రయాణికులకు ధైర్యము నిచ్చెడివి. అదే సంవత్సరపు అమెరికా జనగణనలో ప్రత్యేకవృత్తిగా లెక్కింపబడిన లిఫ్టు నడుపు పని తరువాతి దశాబ్దములలో దాదాపుగా అంతరించెను. మన క్షేమము పెరిగిన చోట కొందరి జీవనోపాధి పోయినదను సంగతిని మరువరాదు.

భద్రత కుదిరిన పిమ్మట కాలము ప్రశ్నయైనది. పిలిచిన వరుసన పరుగెత్తు లిఫ్టు పైకి క్రిందికి వృథాగా తిరుగును. కనుక పైకి పోవునపుడు పైకి పోవువారినందరను, దిగునపుడు దిగువారినందరను ఎక్కించుకొను సముచ్చయ పద్ధతి వాడుకలోనికి వచ్చెను. కార్యాలయములలో ఉదయము రద్దీ పైకి, సాయంకాలము క్రిందికి. మధ్యాహ్నము రెండు వైపుల. కాలమును బట్టి లిఫ్టుల నడకను మార్చుటకు అదుపు పెట్టెలలో రిలేలనెడి విద్యుత్ మీటలను వందలకొలది పేర్చిరి. ఎక్కకమునుపే చేరవలసిన అంతస్తును తెలిపి, ఒకచోటికి పోవువారిని ఒకే లిఫ్టులో చేర్చు ఆలోచనను సిడ్నీ నగరపు ఇంజనీరు లియో పోర్ట్ 1961లోనే చేసెను. అంత లెక్కను రిలేలు మోయజాలకపోయెను. కంప్యూటర్లు వచ్చిన తరువాత 1992లో షిండ్లర్ కంపెనీ మికోనిక్ 10 పేర ఆ పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను.

నేడు మన పట్టణములలో నాలుగైదు అంతస్తుల ఇండ్లకును లిఫ్టులున్నవి. ఈ చరిత్ర వలన మనకొక ఉపయోగము కలదు. నడుమ ఆగిన లిఫ్టు తరచు తన ధర్మమునే చేయుచున్నది. విద్యుత్తు పోయినను, తలుపు సందైనను ఆగుమని దానికి నేర్పినవారు మనవంటి మనుష్యులే. అట్టి వేళ తలుపును బలిమిని తెరచి దూకుటకంటె గంట నొక్కి, సహాయము వచ్చువరకు లోననే ఉండుట మేలు. అట్లే, లిఫ్టు మాటిమాటికి ఆగుచున్నదని విసిగి తలుపు గడియ తీగెను ప్రక్కదారి పట్టించి నడపువారు, 170 ఏండ్లు శ్రమించి మూసిన బావిని మరల తెరచుచున్నారని గ్రహింపవలెను. నెలనెలా తాళ్ళను, గడియలను, బ్రేకును తనిఖీ చేయించుటకగు ఖర్చు ఇంటివారందరును పంచుకొనదగినదే.