రంగు వేఱైన జాతి వేఱా?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఎలుకలను మ్రింగి బ్రతుకు పాము గలదు. మన జెఱ్ఱిపోతువలె అదియు విషరహితము. ఉత్తరమున అది నల్లన. కరొలైనా తీరమున చారలతో పసుపుపచ్చన. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలలో నారింజవన్నె. 1823లో థామస్ సే దీనికి శాస్త్రనామ మొసగెను. నారింజవన్నె దానిని 1949లో విల్‌ఫ్రెడ్ నీల్ ప్రత్యేక ఉపజాతిగా వర్ణించెను. పాములను పెంచు ఔత్సాహికులును ఈ విభజననే పాటించి, ఏ పాము ఏ సీమదో వ్రాసి యుంచుకొనిరి.

2000లో ఫ్రాంక్ బర్‌బ్రింక్ ప్రభృతులు జన్యుపరిశోధన జరిపి, వంశములు రంగులను అనుసరింపవని తేల్చిరి. ఒకే వంశమున పలు వన్నెలు. ఒకే నలుపు పలు వంశములందు!

అట్లని రంగు నిరర్థకమా? కాదు. పాము ఏ నేలదో అది కొంత చెప్పును. వేఱువేఱు సీమల పాములను జతకూర్చినచో, వాని సంతతియందు ఆ ఆనవాలు చెడును.

మన జెఱ్ఱిపోతునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అండగా నున్నది. దానిని పట్టి పెంచరాదు. పొలముగట్టుపై దాని వన్నెను దూరమునుండి చూచి ఆనందించుటే మనకు తగును.