కొరియాలో శునకమాంస నిషేధము

రోహిణీకార్తె ఎండలలో మనము మజ్జిగనో పానకమునో కోరుదుము. కొరియావారు వేడిని వేడితోనే జయింపవలెనందురు. వేసవిలోని మూడు ‘బోక్’ దినములలో శునకమాంసపు పులుసు త్రాగినచో బలము చేకూరునని వారిలో పెక్కుమంది నమ్మిరి.

1978లో దక్షిణ కొరియా పశుమాంస చట్టమునుండి శునకమును తొలగించినది. అప్పటినుండి ఆ వ్యాపారము అనుమతియు నిషేధమును లేక సాగినది. 1988లో సియోల్ ఒలింపిక్ క్రీడలకై ప్రభుత్వము ఆ భోజనశాలలను ప్రధాన వీథులనుండి తప్పించినదే గాని మాన్పింపలేదు.

పరదేశీయుల ఆక్షేపణ కొరియనులకు అవమానముగా తోచినది. మార్పు ఇంటినుండియే వచ్చినది. కుక్కను బిడ్డవలె పెంచు కుటుంబములు హెచ్చినవి. దేశీయ జంతుసంరక్షణ సంఘములు ఉద్యమించినవి. 2018లో సంగ్‌నామ్ నగరపు పెద్ద వధశాలయు, 2019లో బూసాన్‌లోని గుపో అంగడిలో కుక్కల విక్రయమును నిలిచిపోయినవి. 2024 జనవరి 9న జాతీయసభ 208 ఓట్లతో నిషేధ చట్టమును ఆమోదించినది. వ్యతిరేకముగా ఒక్క ఓటైనను పడలేదు. శిక్షలు 2027నుండి అమలగునట్లు గడువు నొసగినది.

మన నాగాలాండు ప్రభుత్వము 2020లో ఇట్టి నిషేధమునే ఉత్తర్వుగా వెలువరింపగా, దానికి శాసనసభ చట్టము ఆధారముగా లేనందున 2023లో గౌహతి హైకోర్టు కొట్టివేసినది.

చట్టమున్నచోటనైనను చిక్కు తీరలేదు. లక్షలకొలది కుక్కలకు ఆశ్రయమెక్కడ? ఆ వృత్తిలోనే వృద్ధులైన పెంపకందారులకు బ్రతుకుతెరువేది? మూగజీవిపై దయతో చేసిన చట్టము ఈ మనుష్యులను మరువరాదని మన మనవి.