తిలంగాలు: ఉత్తర సర్కారుల సిపాయిలు

హిందీ భాషయందును వంగభాషయందును 'తిలంగా' యను మాట చిరకాలము సిపాయికి పర్యాయపదముగ చెల్లెను. ఇది మన దేశనామమే. 1756వ సంవత్సరమున క్లైవు చెన్నపట్టణమునుండి కలకత్తాకు ఓడలపై గొనిపోయిన సేనలో సుమారు 1500 మంది సిపాయిలుండిరి. వారందఱును తెలుగువారని చెప్పజాలము. అయినను దక్షిణమునుండి వచ్చి, సీమపద్ధతిని తుపాకిపట్టి కవాతుచేయు భటునకు ఆ దేశపువారు పెట్టిన పేరు మాత్రము మనది. పిమ్మట అయోధ్య, భోజపురి ప్రాంతములనుండి కొలువున జేరినవారికిని అదియే నిలిచెను.

ఈ భటులు ఎవని పక్షమున, దేనికొఱకు పోరిరి? మన చరిత్రకారులు దొరల తంత్రములను వర్ణించినంతగా ఈ ప్రశ్నను విచారింపలేదు.

1753లో సలాబతుజంగు ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను బుస్సీ కొసగుటకు ఫ్రెంచిసేన జీతబత్తెములే కారణము. అనగా గోదావరీతీరపు రైతు చెల్లించిన శిస్తే తుపాకి పట్టినవాని చేతికి జీతమై చేరుచుండెను. శిస్తు నిలిచిన జీతము నిలుచును. జీతము నిలిచిన సేన కదలదు.

1758 డిసెంబరులో పిఠాపురము చేరువనున్న చందుర్తి యుద్ధమున ఇది స్పష్టపడినది. కాన్ ఫ్లాన్సు క్రింద సుమారు 6000 మంది సిపాయిలు. వంగదేశమునుండి వచ్చిన ఫోర్డు క్రింద 2000 మంది. తిలంగా నామము వహించిన వర్గమువారు తెలుగునేలకు వచ్చి తెలుగుసీమ జీతగాండ్రతో పోరుట విధివిలాసము! వంగసిపాయిల యెఱ్ఱకోటులను జూచి తెల్లదళమని భ్రమించి ఫ్రెంచివారు వారిపైకి నడువగా, ఏపుగ పెరిగిన చేనిమాటుననున్న ఆంగ్లదళము వారి ప్రక్కను దెబ్బదీసెను. ఆనందగజపతి బంట్లు ఎండినచెఱువు గుంటలో దాగిరని ఆర్ము పరిహసించినాడు. బల్లెములు, విండ్లు, కొలదిగ పాతతుపాకులు చేతగొన్నవారు ఫిరంగుల యెదుట మఱేమి చేయవలెనో ఆయన చెప్పలేదు.

విజయానంతరము ఫోర్డు గోదావరి దాటియు ముందునకు సాగలేకపోయెను. రాజమహేంద్రవరము వశమైనపిమ్మట నెలకు 50,000 రూపాయలిత్తునన్న ఆనందరాజు జాగుచేసెను. 1759 మార్చిలో మచిలీపట్టణము ముట్టడియందు, బాకీజీతమునకును దోపిడిసొమ్ములో పాలునకును తెల్లభటులే ఆయుధములతో తిరుగబడిరి. జీతమునకు పోరుట నల్లవాని నైచ్యమని వ్రాసినవారు దీనిని స్మరింపవలెను.

జీతమొక్కటియే వారిని కట్టియుంచెనా? 1780 అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణమున సర్కారుసిపాయిలను హైదరుతోడి యుద్ధమునకై చెన్నపట్టణపు ఓడ యెక్కుమనగా వారు నిరాకరించి, కొందఱధికారులను కాల్చిచంపిరి. కుంఫిణీవారి లెక్కకిది ద్రోహము. నాకట్లు తోపదు. సిపాయి భార్యాబిడ్డలు దండువెంటనే కాపురముండువారు. అతని జీతముపై ఇల్లంతయు ఆధారపడియుండెను. అంతకు నెలలోపలనే, సెప్టెంబరు 10వ తేదీన, పొల్లిలూరులో బెయిలీ సేన నాశమైనది. ఆ వార్త సర్కారులకు చేరియుండుననుట నా యూహ. తన సీమకావలికి కుదిరినవాడు సముద్రముపై తన్ను పంపుట ఒడంబడికకు వెలియని తలచియుండును. 1756లో ఓడ యెక్కినవారును సిపాయిలే. కాని నాటి కుదురుబాటు వేఱు.

పేరు మాత్రము వారికంటె దూరము నడచినది. 1857లో ఢిల్లీనగరము జొచ్చిన తిరుగుబాటు సిపాయిలలో పెక్కుమంది అయోధ్య, బీహారులవారు. నగరవాసులు వారిని పిలిచినది తిలంగాలనియే.